వంద గంటల గేమ్‌కి వారం రోజుల్లో రివ్యూ

 

ఇవాళ గేమ్ రివ్యూ లేదు. రివ్యూల గురించే మాట్లాడదామని కూర్చున్నాను. "పెద్ద గేమ్ వచ్చి నెల దాటింది, అందరూ చెప్పేశారు, మీరింకా ఎందుకు చెప్పట్లేదు" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. బద్ధకం అనుకుంటున్నారు కొంతమంది. కొంచెం బద్ధకం ఉంది, కాదనను. కానీ అసలు కారణం వేరే. అది చెప్పాలంటే ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

కొన్నేళ్ళ కిందట ఒక పెద్ద ఓపెన్ వరల్డ్ గేమ్ వచ్చింది. పేరు చెప్పను. చెప్తే ఈ ఎపిసోడ్ అంతా ఆ గేమ్ మంచిదా చెడ్డదా అనే గొడవ అయిపోతుంది. నాలాంటి చిన్న తెలుగు ఛానెల్‌కి ముందుగా రివ్యూ కోడ్ ఎవరూ పంపరు. రిలీజ్ రోజున మన డబ్బుతో మనమే కొనుక్కోవాలి. అప్పటికే పెద్ద సైట్ల వాళ్ళూ, పెద్ద యూట్యూబర్లూ వారం పది రోజుల ముందు నుంచి ఆడి, ఎంబార్గో తీసేసిన నిమిషంలో రివ్యూలు వదిలేసి ఉంటారు. ఎంబార్గో అంటే, ఫలానా రోజు ఫలానా టైమ్ దాకా నోరు విప్పకూడదని కంపెనీ పెట్టే షరతు. ఇక జనం వెతికేది మొదటి మూడు నాలుగు రోజులే. ఆ తర్వాత మనం ఎంత బాగా చెప్పినా చూసేవాళ్ళు తక్కువ.

అందుకని శుక్రవారం ఆఫీసుకి సెలవు పెట్టాను. గురువారం అర్ధరాత్రి మొదలుపెట్టి ఆదివారం రాత్రి దాకా ఆడాను. సేవ్ ఫైల్ మీద 31 గంటలు అని చూపించింది. సోమవారం పొద్దున్నే వీడియో పెట్టేశాను. అందులో నేనన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "కళ్ళు మూసుకుని కొనేయండి."

నెలన్నర తర్వాత ఖమ్మం నుంచి ఒక కుర్రాడు మెసేజ్ పెట్టాడు. మొబైల్ షాపులో పని చేస్తాడు. రెండు నెలలు డబ్బు దాచుకుని, నా వీడియో చూసి ఆ గేమ్ కొన్నాడు. రాత్రి షాపు మూసి ఇంటికొచ్చాక ఒక గంట ఆడతాడు, ఆదివారం అయితే ఇంకొంచెం. మెసేజ్ ఏంటంటే, "అన్నా, మెయిన్ మిషన్‌కి లెవెల్ 32 కావాలంటోంది, నాది 26. సైడ్ మిషన్లు కూడా అయిపోయినయ్. ఇప్పుడు ఆ ఒకటే రకం క్యాంపుల మీద పడి కొట్టుకుంటూ పోవడమేనా? మీరు ఇక్కడ ఎట్లా దాటారు?"

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. నేను దాటానని నమ్మి సలహా అడిగాడు. నేను అసలు అక్కడిదాకా వెళ్ళనే లేదు. అతను ఆగిపోయింది 46వ గంట దగ్గర, నేను చేతులెత్తేసింది 31 దగ్గర.

రెండు రోజులు జవాబివ్వలేదు. తర్వాత గేమ్ మళ్ళీ తీసి, ఆఫీసు నుంచి వచ్చాక ఆడుకుంటూ మూడు వారాలకి అక్కడికి చేరాను. అతను చెప్పింది నిజం. ఆ గోడ దాటడానికి పది గంటలు ఒకటే పని. దాటాక కథ కూడా నీరసంగానే ఉంది. అతనికి ఉన్నదున్నట్టు చెప్పాను, నేను ఆడకుండానే చెప్పానని. "పర్లేదన్నా" అన్నాడు. ఆ "పర్లేదన్నా" నన్ను చాలా రోజులు వదల్లేదు.

సరే, లెక్క చూద్దాం. వంద గంటల గేమ్ అంటే రెండున్నర గంటల సినిమాలు నలభై. వారంలో పూర్తి చేయాలంటే రోజుకి 14 గంటలు పైనే. ఉద్యోగం చేసుకుంటూ రోజుకి మూడు గంటలు ఆడితే నెల దాటుతుంది. రాత్రికి ఒక గంట ఆడేవాళ్ళకి మూడు నెలల పైమాటే. సినిమా రివ్యూ రాసేవాడు ఇంటర్వెల్‌కి లేచి వచ్చేసి "సినిమా సూపర్" అంటే మనం ఊరుకుంటామా? ఫస్ట్ హాఫ్ బాగుంది, సెకండ్ హాఫ్ ల్యాగ్ అని చెప్పడానికైనా సెకండ్ హాఫ్ చూడాలి కదా. గేమ్ దగ్గరికి వచ్చేసరికి ఇంటర్వెల్ కూడా కాకుండానే తీర్పు ఇచ్చేస్తున్నాం.

దీనికి ఒక పాత సమాధానం ఉంది. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు, కుండంతా తినక్కర్లేదు అని. గేమ్‌లో కొన్ని విషయాలకి ఇది నిజమే. కంట్రోల్స్ చేతికి ఎలా ఉన్నాయి, ఫైట్ ఎలా ఉంది, బొమ్మ ఎలా ఉంది, మన కంప్యూటర్ మీద నడుస్తుందా, ఇవన్నీ పది గంటల్లో తెలిసిపోతాయి. కానీ పైన మెతుకు పట్టుకుంటే అడుగు మాడిన సంగతి తెలీదు. పైగా గేమ్ తయారుచేసే వాళ్ళకి కూడా ఒక విషయం బాగా తెలుసు. కొన్న ప్రతివాడూ మొదటి పది గంటలు చూస్తాడు, చివరి పది గంటలు చూసేవాళ్ళు అందులో కొద్దిమందే. స్టీమ్‌లో ఏ పెద్ద గేమ్ అచీవ్‌మెంట్స్ తీసి చూసినా ఈ సంగతి కనబడుతుంది, మొదటి ఘట్టం దాటినవాళ్ళ శాతానికీ ఆఖరి ఘట్టం దాటినవాళ్ళ శాతానికీ పొంతన ఉండదు. అలాంటప్పుడు సానపట్టే పని ఎక్కడ ఎక్కువ జరుగుతుంది? మొదట్లోనే. అంటే తొందరలో ఉన్న రివ్యూయర్ చేతికి వచ్చేది ఎప్పుడూ బాగా ఉడికిన మెతుకే.

బాల్డర్స్ గేట్ 3 సంగతే తీసుకోండి. నాకు చాలా ఇష్టమైన గేమ్, ముందే చెప్పేస్తున్నా. అందులో మూడు అంకాలు. మొదటి అంకం 2020 అక్టోబర్ నుంచే ఎర్లీ యాక్సెస్‌లో ఉంది. దాదాపు మూడేళ్ళు జనం ఆడారు, తప్పులు చెప్పారు, ల్యారియన్ వాళ్ళు దిద్దుకున్నారు. 2023 ఆగస్టు 3న పూర్తి గేమ్ వచ్చింది. రివ్యూయర్లకి కోడ్లు అందింది రిలీజ్‌కి కొద్ది రోజుల ముందే. చాలా పత్రికలు తుది స్కోరు ఇవ్వకుండా, "ఇంకా ఆడుతున్నాం, ఇంతవరకు ఇదీ సంగతి" అని రాసి ఆపాయి. మంచి పని చేశాయి. ఎందుకంటే మూడో అంకంలో నగరంలోకి వెళ్ళాక ఫ్రేమ్స్ పడిపోవడం, బగ్స్ ఎక్కువగా ఉండటం అప్పట్లో చాలామంది చూశారు. తర్వాత ప్యాచ్‌లు వచ్చాయి. నవంబర్ ఆఖర్లో ఐదో ప్యాచ్‌తో కథ చివర్న కొత్త ముగింపు ఘట్టం కూడా చేర్చారు. అంటే ఆగస్టులో ఆఖరిదాకా ఆడి రాసినవాడు, డిసెంబర్‌లో కొన్నవాడు, ఇద్దరూ చూసిన ముగింపు ఒకటి కాదు. ఇక్కడ రివ్యూయర్ తప్పు ఏమీ లేదు. అయినా అతని మాట పాతబడిపోయింది.

దీనికి తిరగేసిన కేసు ఫైనల్ ఫాంటసీ 13. మొత్తం 13 అధ్యాయాలు. పదకొండో అధ్యాయం వచ్చేదాకా దాదాపు ఒకే దారి, ఒక వసారాలో ముందుకి నడుస్తూ పోయినట్టు. అప్పుడు ఒక్కసారిగా పెద్ద మైదానం తెరుచుకుంటుంది. అభిమానులు "ఇరవై గంటలు ఓపిక పట్టు, తర్వాత బాగుంటుంది" అనేవాళ్ళు. ఇది మెచ్చుకోలా, తిట్టా? నా వరకు రెండూ. కానీ పది గంటలు ఆడి ఆపేసినవాడికి ఆ మైదానం ఉన్నట్టే తెలీదు. ఇరవై గంటలు విసుగు భరించాల్సి వచ్చిందని చెప్పాలి, తర్వాత ఏముందో కూడా చెప్పాలి. రెండూ చెప్పాలంటే అక్కడిదాకా వెళ్ళాలి.

2017లో వచ్చిన నియర్ ఆటోమాటా అయితే ఇంకో మెలిక. కథ అయిపోతుంది, పేర్లు పడిపోతాయి. మామూలుగా అక్కడే లేచి రివ్యూ రాసేసుకోవాలి కదా. అప్పుడు కంపెనీ తరఫున ఒక ఉత్తరంలాంటిది తెర మీదకి వస్తుంది, అయిపోలేదు, మళ్ళీ ఆడండి అని. రెండోసారి అదే కథ వేరే పాత్ర వైపు నుంచి నడుస్తుంది. మూడోసారి అసలు కొత్త కథ మొదలవుతుంది. ఆ గేమ్‌ని జనం ఇంతగా తలుచుకునేది ఆ మూడో భాగం వల్లే.

అయితే "పూర్తిగా ఆడి చెప్పు, అంతే కదా" అంటారు. నేనూ ఆ ఖమ్మం కుర్రాడి దెబ్బ తర్వాత అదే నియమం పెట్టుకున్నాను. పేర్లు పడేదాకా ఆడకుండా నోరెత్తకూడదని. ఒక ఏడాది అలాగే చేశాను. అప్పుడే నాకు రెండో తప్పు అర్థమైంది. ఇది చాలామంది మాట్లాడరు, అందుకే కొంచెం ఎక్కువసేపు చెప్తాను.

రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 కన్సోళ్ళ మీద 2018లో వచ్చింది, పీసీ మీద 2019 నవంబర్‌లో. నేను పీసీ మీద ఆడాను. నియమం ఉంది కదా, పూర్తి చేయాలి. నిద్ర మానుకుని తొమ్మిది రోజుల్లో మెయిన్ స్టోరీ లాగించేశాను. ఆ గేమ్‌లో ఒక్కో సొరుగూ చేత్తో తెరవాలి. జింకని కొడితే దిగి, చర్మం ఒలిచి, గుర్రం మీద వేసుకోవడం ప్రతిసారీ మొదటి నుంచి చివరి దాకా చూడాలి. ఊరు నుంచి ఊరికి గుర్రం మీద వెళ్ళాలి. నేను అప్పుడు చెప్పిన మాట, "గ్రాఫిక్స్ అద్భుతం, కానీ మన టైమ్ అంటే వీళ్ళకి లెక్కలేదు." ఆట మొత్తం పూర్తి చేసి చెప్పిన మాట అది. నిజాయితీగానే చెప్పాను.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. కొత్తగా కొనడానికి ఏమీ లేక మళ్ళీ అదే పెట్టాను. ఈసారి ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. రాత్రి పాప పడుకున్నాక ఒక గంట. ఒక రోజు చేపలు పట్టాను, అంతే. ఒక రోజు క్యాంపులో మంట పక్కన కూర్చుని వాళ్ళ మాటలు విన్నాను. మొదటిసారి నేను పరుగులో ఉండి క్యాంపు మధ్యలోంచి దూసుకుపోయేవాణ్ణి, వాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకుంటారని కూడా సరిగ్గా గమనించలేదు. ఆ సొరుగు చేత్తో తెరవడం రోజుకి పదిసార్లయితే ముచ్చటగా ఉంది. రోజుకి రెండొందల సార్లయితే చిరాకు పుట్టించింది. గేమ్ అదే. మొదటిసారి నాకు చిరాకు పుట్టించింది చాలావరకు నా డెడ్‌లైనే.

పర్సోనా 5 అయితే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. టోక్యోలో ఒక హైస్కూల్ కుర్రాడు. క్యాలెండర్ ప్రకారం రోజులు నడుస్తాయి. బడి అయ్యాక ఈ సాయంత్రం చదువుకుంటావా, పార్ట్ టైమ్ పనికి వెళ్తావా, స్నేహితుడితో తిరుగుతావా అని ఎంచుకోవాలి. ఆ ఊరిలో, ఆ మనుషుల మధ్య నెలల తరబడి ఉన్న అనుభూతి కోసం చేసిన గేమ్ అది. వంద గంటల దాకా పడుతుంది. అందులో పిల్లి రూపంలో ఉండే మోర్గానా అనే పాత్ర రాత్రయితే చాలు, ఇవాళ అలసిపోయావు, పడుకో అంటుంది. తెల్లవారుజామున మూడింటికి మూడో కప్పు కాఫీతో ఆ గేమ్ పూర్తి చేస్తున్న రివ్యూయర్‌ని తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. పాపం, పిల్లి చెప్తూనే ఉంది.

ఒకప్పుడు మన వారపత్రికల్లో సీరియల్ నవలలు వచ్చేవి. అమ్మమ్మ వారం వారం ఎదురుచూసి చదివేది. అదే నవల పుస్తకంగా వచ్చాక రెండు రోజుల్లో చదివితే, ప్రతి అధ్యాయం చివరా వచ్చే మలుపు అతిగా అనిపిస్తుంది, చెప్పిందే చెప్తున్నట్టు ఉంటుంది. వారానికి ఒక భాగం చదివేవాళ్ళకి అదే గుర్తుచేసే మాట. పెద్ద గేమ్‌లో కూడా పదే పదే చెప్పేది, పదే పదే చేయించేది కొంత అందుకే ఉంటుంది.

ఇంకోటి ఉంది. ఇది పొగడ్త వైపు లాగే బరువు. ఎనభై గంటలు పెట్టాక "ఇది దండగ" అనడానికి మనసు రాదండీ. ఆ గేమ్ దండగైతే మన ఎనభై గంటలూ దండగే అవుతాయి. నిండా మునిగాక చలేంటి అని పోతాం. పోయిపోయి చివర్న కథ కాస్త కదిలిస్తే కళ్ళు చెమరుస్తాయి. అది కథ గొప్పతనమా, ఇన్ని రోజులు ఆ మనుషులతో ఉన్నందుకా, విడదీసి చెప్పడం కష్టం. నేను ఇప్పుడు పేర్లు పడిన రాత్రి స్క్రిప్ట్ రాయను. నాలుగు రోజులు ఆగుతాను.

ఇంతా చేస్తే మనం ఇచ్చే అంకెకి ఎవరి మీద ఎంత ప్రభావం ఉందో కూడా చూడాలి. 2010లో ఫాల్అవుట్ న్యూ వేగస్ వచ్చింది. అబ్సీడియన్ అనే స్టూడియో చేసింది. మెటాక్రిటిక్ అని రివ్యూ స్కోర్లన్నీ కలిపి సగటు తీసే సైట్ ఉంది కదా, అందులో 85 వస్తే బోనస్ అని వాళ్ళ ఒప్పందం. వచ్చింది 84. ఒక్క మార్కు! ఈ సంగతి 2012లో అక్కడ పనిచేసిన క్రిస్ అవెలోన్ బయటపెట్టారు. అది చాలా పెద్ద గేమ్, ఎటు వెళ్తే అటు వేరే కథ. రిలీజ్ టైమ్‌లో బగ్స్ కూడా చాలా ఉన్నాయి. ఆ రోజుల్లో స్కోరు ఇచ్చినవాళ్ళలో ఎంతమంది ఎన్ని దారులు తొక్కి చూశారో ఆ సగటు చెప్పదు. ఇవాళ దాన్ని ఆ సిరీస్‌లో ఉత్తమమైనదని చెప్పేవాళ్ళు బోలెడుమంది.

గంటల గురించి బహిరంగంగా గొడవైన కేసు 2009లో డార్క్‌ఫాల్. ఆన్‌లైన్ గేమ్. యూరోగేమర్‌లో 10కి 2 ఇచ్చారు. గేమ్ చేసినవాళ్ళు తమ సర్వర్ రికార్డులు చూసి, మీ రివ్యూయర్ ఆడింది రెండు గంటల చిల్లర అన్నారు. రివ్యూయర్ కాదన్నాడు. చివరికి పత్రిక ఇంకొకరితో మళ్ళీ ఆడించి రెండో రివ్యూ వేసింది. అందులో 4 వచ్చింది. అంటే గేమ్ అప్పటికీ గొప్పగా ఏమీ లేదు. కానీ చదివేవాడికి ఆ 2 మీద నమ్మకం పోయింది, అది సరైన అంకెకి దగ్గర్లోనే ఉన్నా సరే.

ఇవన్నీ ఎవరికి ముఖ్యం అంటారా? కోడ్ ఫ్రీగా వచ్చేవాడికి కాదు. మన దగ్గర బాల్డర్స్ గేట్ 3 స్టీమ్‌లో 2,999 రూపాయలు. కన్సోల్ గేమ్ అయితే ఐదు వేల దాకా పోతుంది. స్టీమ్‌లో డబ్బు వెనక్కి కావాలంటే కొన్న 14 రోజుల్లోపు అడగాలి, ఆడింది రెండు గంటలు దాటకూడదు. వంద గంటల గేమ్‌లో రెండు గంటలంటే ఇంకా పాత్రకి ముక్కు, జుట్టు సరిచేస్తూ ఉంటాం. మీరు నవ్వుతున్నారు గానీ నేను బాల్డర్స్ గేట్‌లో నలభై నిమిషాలు ముఖం దగ్గరే కూర్చున్నాను. అంటే కొనేవాడికి తనంతట తను తేల్చుకునే దారి లేదు, ఎవరో ఒకరి మాట మీద ఆధారపడాల్సిందే.

అదే స్టీమ్‌లో నాకు నచ్చే పద్ధతి ఒకటుంది. మామూలు ఆటగాళ్ళు రాసే ప్రతి రివ్యూ పక్కన వాళ్ళు ఎన్ని గంటలు ఆడారో, రాసేనాటికి ఎన్ని గంటలు అయ్యాయో చూపిస్తుంది. 300 గంటలు ఆడి "బాగాలేదు" అన్నవాణ్ణి చూసి అందరూ నవ్వుతారు. నాకు మాత్రం అతని మాట వినాలనిపిస్తుంది. ఏ గంట దగ్గర విరిగిందో అతనికి తెలిసి ఉంటుంది.

అందుకే మన ఎపిసోడ్లలో ఈమధ్య మార్పు గమనించి ఉంటారు. మొదట్లోనే చెప్తున్నాను, ఎన్ని గంటలు ఆడాను, ఎన్ని రోజుల్లో ఆడాను, ఏ మెషీన్ మీద, ఏ డిఫికల్టీలో, ఎక్కడ ఆపాను అని. పూర్తి చేయకపోతే చేయలేదని చెప్తున్నాను. స్కోరు మానేశాను. వ్యూస్ తగ్గాయి. కొంచెం కాదు, బాగానే తగ్గాయి. మా ఆవిడ అయితే, "ముందు మూడు రోజుల్లో అయిపోయేది, ఇప్పుడు మూడు నెలలు ఆ టీవీ ఖాళీ ఉండట్లేదు" అంటోంది. ఆమె వైపు నుంచి చూస్తే న్యాయమే.

ఇది సరైన పద్ధతని గట్టిగా చెప్పలేను. మొదటి వారంలో కొనాలా వద్దా అని తేల్చుకోవాలనుకునేవాళ్ళకి నేను ఇప్పుడు ఎందుకూ పనికిరాను. వాళ్ళకి పెద్ద సైట్ల వాళ్ళే దిక్కు. వాళ్ళలో చాలామంది తొందరలో కూడా ఎంతో జాగ్రత్తగా చెప్తారు. ఆ పని ఎంత కష్టమో తెలిశాక వాళ్ళ మీద నాకు గౌరవం పెరిగింది. మూడు నెలలాగి చెప్పేవాడికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అప్పటికే అందరి అభిప్రాయాలూ చెవిన పడిపోయి ఉంటాయి, అందులో నా సొంత అభిప్రాయం ఏదో వెతుక్కోవాలి.

ఖమ్మం కుర్రాడు ఇప్పటికీ టచ్‌లో ఉన్నాడు. పోయిన వారం ఫోన్ చేశాడు, ఇప్పుడు నేను ఆడుతున్న గేమ్ గురించే. "అన్నా, కొననా?" అన్నాడు. 22 గంటలు ఆడాను రా, ఇంతవరకు బాగుంది, ముందు ఏముందో నాకు తెలీదు అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే నువ్వు నలభై దాటినంక చెప్పు, అప్పటికి సేల్ కూడా వస్తది" అన్నాడు.

నిన్న రాత్రికి 26 అయ్యాయి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ 26 గంటల గురించి మాత్రమే మాట్లాడతాను. ఉంటాను మరి.